మడత చాకు ఒక చేత్తో తెరుచుకోవాల, చేతి మీద మాత్రం మూసుకోకూడదు



ఈసారి మందుల గురించి కాదు, గూళ్ళ రేటు గురించీ కాదు. జేబులో ఉండే మడత చాకు గురించి రాస్తా ఉండాము. చింతామణి, శిడ్లఘట్ట వైపు చాకు అంటాము. హోసూరు, డెంకణికోట వైపు పేనాకత్తి అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. ఇంత చిన్న వస్తువుకి ఇంత రాత ఎందుకని అడగొచ్చు. చదివి చూడండి, అది మన పంటకీ, వేళ్ళకీ, ఆవుకీ సంబంధించిన సంగతి.

నాలుగో జ్వరం లేచినాక మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పురుగు జన్మంతా తినే ఆకులో నూటికి 80 పాళ్ళకి పైగా ఆ చివరి వారం రోజుల్లోనే తింటుంది. 100 గుడ్ల పంటకి మొత్తం మీద టన్ను అటూ ఇటూ ఆకు కావాల. కొమ్మల మేపు వచ్చినప్పటి నుంచి అదంతా మోపులుగానే ఇంట్లోకి వస్తుంది. ప్రతి మోపుకీ ఒక పురికొస కట్టు. ఎడమ చేయి మోపు మీద ఉంటుంది. పై అంతస్తు స్టాండు అయితే ఆ చేయి గడను పట్టుకుని ఉంటుంది. కుడి చేత్తో చాకు తీస్తాము. గాడిలో గోరు దూర్చి తెరవాలంటే రెండో చేయి కావాల. మోపు నేల మీద పెడదామంటే నేలంతా సున్నం, బ్లీచింగు పొడి. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. చాకు నోటికి పెట్టి పళ్ళతో లాగుతారు.

ఇది అలవాటైపోయి తప్పు అని కూడా అనిపించదు. కానీ ఆలోచించండి. ఆ చాకు మీద సున్నం ఉంటుంది, పడక మీద చల్లిన విజేత పొడి ఉంటుంది. అది మన నోట్లోకి పోతుంది. నోట్లోది చాకు మీదికి వస్తుంది. ఆకువక్క పొగాకు వేసుకునే వాళ్ళయితే ఇంకా కష్టం. పొగాకు విషం పట్టుపురుగుకి పడదని, పొగాకు చేను పక్కన మల్బరీ పెట్టకూడదని మనకి మొదటి నుంచీ చెప్తానే ఉండారు. చేను దూరంగా పెట్టి, నోటి పొగాకును చాకుతో ఆకు మీదికి తెస్తే ఏం లాభం?

పళ్ళు వద్దనుకున్న వాళ్ళు ఇంకో దారి పట్టినారు. గడ్డం గీసుకునే బ్లేడును సగానికి విరిచి వేళ్ళ మధ్య పెట్టుకుంటారు. కట్టు తెంచడానికి అది మంచిదే. కానీ ఏదో ఒక పూట అది చేతి నుంచి జారి కొమ్మల్లో పడుతుంది. పురుగు తిని వదిలిన కొమ్మలూ ఆకూ మనం ఏం చేస్తాము? ఆవుకి వేస్తాము. ఆవు నమలకుండా మింగుతుంది. ఇనప ముక్క కడుపులోకి పోతే అక్కడే నిలిచిపోతుంది, గోడకి గుచ్చుకుంటుంది, కొన్నిసార్లు గుండె దాకా పోతుంది. పాలిచ్చే ఆవు మేత మానేసి మూలుగుతా నిలబడితే ఆ ఖర్చు ఎంతో మీకు తెలుసు.

అందుకే మేము అనేది ఒకటే. రేష్మె ఇంట్లో ఒక చేత్తో తెరుచుకునే మడత చాకు సోకు కాదు, అవసరం. కొత్తది కొననక్కర లేదు. ఉన్నదాన్నే దారికి తెచ్చుకోవచ్చు. కానీ దారికి తెచ్చుకునే పేరుతో కొందరు చేసే పని చూస్తే భయమేస్తుంది. అందుకని ఏది చేయాలో, ఏది చేయకూడదో రెండూ చెప్తాము.

మొదట, చాకు ఎందుకు బిగుసుకుంటుందో చూడండి. మల్బరీ కొమ్మ కోస్తే పాలు కారతాయి. ఆ పాలు అలుగు మొదట్లో చీల దగ్గర చేరి ఎండి జిగురవుతాయి. దాని మీద సున్నం దుమ్ము పడుతుంది. బ్లీచింగు నీళ్ళు తగిలి తుప్పు పడుతుంది. ఈ మూడూ కలిసి చాకును బిగిస్తాయి. మనం మాత్రం స్ప్రింగు గట్టిగా ఉందని తిట్టుకుంటాము. కాబట్టి మొదటి మార్పు కడగడమే. గోరువెచ్చని సబ్బు నీళ్ళల్లో పాత పళ్ళ బ్రష్షుతో చీల దగ్గర బాగా రుద్దండి. ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క చీల మీద వేసి ఇరవై సార్లు తెరిచి మూయండి. బయటికి వచ్చిన నల్లటి నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. కిరసనాయిలు వద్దు, ఆ వాసన ఆకుకి పడుతుంది. కొన్ని చాకులు ఈ ఒక్క పనితోనే దారికి వస్తాయి.

రెండోది చీల. అది మర అయితే కొంచెం వదులు చేసుకోవచ్చు. ఒకేసారి చుట్టు తిప్పొద్దు, వెంట్రుకవాసి తిప్పి చూడండి. అలుగు తేలికగా కదలాల, పక్కలకి మాత్రం ఆడకూడదు. పక్కకి ఆడే అలుగు కోసేటప్పుడు తిరుగుతుంది. చీల రివెట్టు కొట్టింది అయితే దాన్ని సుత్తితో ముట్టొద్దు. కడిగి నూనె వేయడంతో ఆపేయండి.

మూడోది బొటనవేలికి పట్టు. ముఖ్యమైన మార్పు ఇదే. అలుగుకి ముందే రంధ్రం ఉంటే అందులో చిన్న కేబుల్ టై దూర్చి బిగించి, తోక కత్తిరించి, ఆ కొసను ఆకురాయితో నున్నగా చేయండి. బొటనవేలు దానికి ఆని తోస్తే అలుగు లేస్తుంది. పంటకి ఒకసారి ఆ టై మార్చేయండి, సందుల్లో మురికి చేరుతుంది. రంధ్రం లేకపోతే డ్రిల్లు పెట్టి తోలొద్దు. పదును పట్టిన ఉక్కు మామూలు డ్రిల్లుకి లొంగదు, బలవంతం చేస్తే వేడెక్కి అలుగు మెత్తబడుతుంది. దాని బదులు లేతు షాపులో చిన్న ఇత్తడి ముక్క చేయించుకోండి. అలుగు వీపు మందానికి సరిపోయే గాడి, పక్కన బిగించడానికి ఒక బుల్లి మర ఉంటే చాలు. అలుగు వీపు మీద దాన్ని ఎక్కించి మర బిగిస్తే రెండు పక్కలా బొత్తాం మాదిరి నిలబడుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఆ బొత్తాం ఎక్కడ పెట్టాలనేది చూసుకోవాల. చీలకి మరీ దగ్గరగా పెడితే బలం ఎక్కువ కావాల. మరీ దూరం పెడితే అలుగు పూర్తిగా తెరుచుకునే లోపలే బొటనవేలు అందదు. చీల నుంచి ఒక బొటనవేలి వెడల్పు దూరంలో పెట్టి, మీ చేతికి తగినట్టు అటూ ఇటూ జరుపుకోండి. మూసినప్పుడు పిడికి తగలకూడదు, తెరిచినప్పుడు అడ్డం రాకూడదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. అమెరికాలో స్పైడర్కో అనే కంపెనీ 1981లోనే అలుగులో గుండ్రటి రంధ్రం పెట్టి, బొటనవేలితో తెరిచే చాకు తెచ్చింది. మన లేతు షాపులో అయ్యేది కూడా అదే ఉపాయం.

ఇప్పుడు చేయకూడని సంగతి. మన అంగళ్ళలో దొరికే పాత రకం మడత చాకుల్లో తాళం ఉండదు. పిడి వెనక ఉక్కు పట్టీ ఒత్తిడి ఒక్కటే అలుగును నిలబెడుతుంది. తెరవడానికి కష్టంగా ఉందని కొందరు ఆ పట్టీని గ్రైండరుకి పెట్టి పలచన చేస్తారు. అవును, చాకు తేలికగా తెరుచుకుంటుంది. అంతే తేలికగా మూసుకుంటుంది కూడా. కొమ్మ గట్టిగా ఉండి అలుగు ఇరుక్కుని వెనక్కి లాగినప్పుడు, మొన గుచ్చి తిప్పినప్పుడు, అలుగు నేరుగా నాలుగు వేళ్ళ మీదికి వస్తుంది. నాలుగో జ్వరం లేచిన రెండో రోజున వేలికి కుట్లు పడితే మేపేది ఎవరు? తడి కట్టు కట్టుకుని ఆకులో చేయి పెట్టలేము. ఆ పూటకి కూలి మనిషి దొరకడు.

తెరవడం ఎంత సులువు చేసుకున్నామో, మూసుకోవడం అంత కష్టం చేసుకోవాల. కాబట్టి బొత్తాం పెట్టుకునేది తాళం ఉండే చాకుకే. పిడి లోపలి రేకు పక్కకి జరిగి అలుగు కింద నిలిచే రకం ఉంది. పిడి వీపు మీద నొక్కితేనే మూసుకునే రకం ఉంది. ఫ్రాన్సు దేశపు కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో మొదలుపెట్టిన చెక్క పిడి చాకుకి, 1955లో మెడ దగ్గర తిప్పే ఉంగరం పెట్టినారు. ఉంగరం తిప్పితే అలుగు కదలదు. సేద్యగాళ్ళ జేబు చాకుకి కూడా తాళం కావాలని వాళ్ళకి అప్పుడే తట్టింది. తాళం లేని చాకు ఉంటే దాన్ని రెండు చేతులతో తెరిచే పనికే వాడండి.

అలాగే బొత్తాం నొక్కితే చటుక్కున ఎగిరే స్ప్రింగు చాకులు మనకి వద్దు. అవి జేబులో వాటంతటవే తెరుచుకుంటాయి. గూళ్ళు వేసుకుని రామనగరం బస్సు ఎక్కినప్పుడు సంచీలో అది కనబడితే సంజాయిషీ చెప్పుకోవాల. 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన అలుగుల్ని ఆయుధాల లెక్కలో వేసి, సేద్యానికీ ఇంటి పనికీ చేసినవాటిని వేరుగా ఉంచినారు. మన పనికి మూడు అంగుళాల అలుగు చాలు.

మడత చాకు ఎందుకు, చిన్న కొడవలి చాలదా అని పెద్దవాళ్ళు అంటారు. తోటలో కొడవలే రాజు, కాదనము. కానీ తోట మట్టీ, మందుల వాసనా పట్టిన కొడవలిని రేష్మె ఇంట్లోకి తెస్తే గడప దగ్గర కాళ్ళు కడుక్కుని ఏం ప్రయోజనం? మడవని చిన్న కత్తిని ఒరలో పెట్టి నడుముకి కట్టుకుంటే అన్నిటికంటే మేలని ఇంకొందరు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఒర శుభ్రంగా ఉంచగలిగితే అదే వాడండి. మా ఇళ్ళల్లో పని ఎక్కువ చేసేది ఆడవాళ్ళు. వంగి లేచే పనిలో, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో, నడుము దగ్గర మొన ఉండే కంటే మడిచిన చాకు మేలని మా లెక్క. చీరకి జేబు ఉండదు కాబట్టి పిడికి ఒక దారం కట్టి నడుముకి వేలాడదీసుకోవచ్చు.

చివరగా రెండు మాటలు. ఇంట్లో వాడే చాకు వేరు, తోటలో వాడే చాకు వేరు. ఇంటి చాకు పిడికి ఎర్ర దారం కట్టండి, పిల్లలకి కూడా తెలుస్తుంది. పంట అయినాక ఇల్లు కడిగే మందులోనే చాకునీ కడగండి. లీటరు నీళ్ళకి 20 గ్రాముల బ్లీచింగు పొడి, 3 గ్రాముల సున్నం అనే మన మామూలు లెక్కే. అందులో నానబెట్టి వదిలేయొద్దు, ఉక్కును తినేస్తుంది. ముంచి తీసి, మంచి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేయండి.

వచ్చే చాకీ దించే లోపల మీ ఇంట్లో చాకు తీసి ఒక చేత్తో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ముందు కడగండి. తెరుచుకుంటే అలుగు వీపును చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కి, తాళం నిలుస్తుందో లేదో చూడండి. మీ ఊళ్ళో ఇత్తడి బొత్తాం చేసే లేతు షాపు ఉంటే గ్రూపులో ఫోటో పెట్టండి, పక్క ఊరి వాళ్ళకి పనికొస్తుంది.