తెగిన పోగు, నేర్చుకొన్న ఆశ

పేరులోనే జంట బావులను నిలుపుకొన్న సోలాపురపు జోడ్‌భావి పేటలో మాటకంటె ముందుగా వినవచ్చునది మగ్గముల రొద. ఒకప్పటి నిజాము రాజ్యపు తెలంగాణ పల్లెలనుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు తరలివచ్చిన పద్మశాలీల సంతతివారు, బజారులో మరాఠీయు నింట తెలుగును మాటలాడుచు, తరతరములుగా నీ నగరమున చద్దర్లను తువాళ్లను నేయుచున్నారు. నాలుగు మగ్గముల నడుమ తిరుగుచున్న యొక నేతగానిని నేనచ్చట చాలసేపు చూచితిని. నా చెవికంతయు నొక్కటే హోరుగా తోచినదానిలో, ఒక్క పడుగు పోగు తెగిన క్షణమునే పసిగట్టి, మగ్గము నాపి, తెగిన కొనలను వ్రేళ్ల నడుమ నలిపి ముడివైచి, ముడి పడినదో లేదో వ్రేలితోనే తడవి చూచుకొని, అతడు మరల మగ్గమును నడపెను. ఆ కొంతసేపు అతనికి ఆకలియు నప్పును జ్ఞప్తికి వచ్చినట్లు లేదు.

పనిలో తన్ను తాను మఱచునట్టి యీ లీనతను మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయీ చదరంగపుటాటగాండ్రయందును, పర్వతారోహకులయందును, శస్త్రవైద్యులయందును పరిశీలించి, 1990లో లోకమునకు గ్రంథరూపమున నందించెను. మనస్సు నంటిన వ్యాధులనే కాక మనుష్యుని నిలువబెట్టు గుణములను గూడ పరిశోధింపవలెనని 1998లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘాధ్యక్షుడుగా మార్టిన్ సెలిగ్‌మన్ పిలుపునిచ్చినది మొదలు సానుకూల మనస్తత్వ శాస్త్రము ప్రత్యేక శాఖయైనది. నేడు దాని పేరు చెప్పి, జీతము చాలనివానికి సైతము చిరునవ్వునే మందుగా నిచ్చు ఉపన్యాసములు పెరిగిపోయినవి. ఇది ఆ శాస్త్రమునకును, వినువానికిని కూడ అన్యాయమని నా దృఢవిశ్వాసము.

ఏలయన సెలిగ్‌మన్ పరిశోధన మొదలైనది సంతోషముతో గాదు, నిస్సహాయతతో. తప్పించుకొన వీలులేని విద్యుద్ఘాతములకు లోనైన కుక్కలు, పిమ్మట దారి తెరచియున్నను కదలవని 1967 నాటి ప్రయోగములలో ఆయనయు స్టీవెన్ మేయరును కనుగొనిరి. నిస్సహాయత నేర్చుకొన్నదని యప్పుడు తలచిరి. దాదాపు ఏబది సంవత్సరముల పిమ్మట, 2016లో, వారిరువురే తమ సిద్ధాంతమును తిరుగవేసిరి. దీర్ఘకాలము బాధపడిన ప్రాణి చతికిలబడుట సహజమే. నేర్చుకొనవలసినది, ‘నా ప్రయత్నమువలన ఫలితము మారును’ అను ఎఱుక. తమ మాటను తామే దిద్దుకొన్న ఆ పండితులయెడ నాకు గౌరవము పెరిగినది.

ఆ ఎఱుక యెట్లు కలుగునో సోలాపురపు తెలుగు ఆడుబిడ్డలనడుగవలెను. ఒడిలో చాట పెట్టుకొని, తడిపిన ఆకును కత్తిరించి, పొగాకు చుట్టి దారము కట్టుచు, వేయి బీడీల లెక్కకు ప్రొద్దు గడుపు ఆ స్త్రీలు, శాసనసభ్యుడుగా నుండిన నర్సయ్య ఆడం నాయకత్వమున సంఘముగా గూడి, ఏండ్ల తరబడి పోరాడి, నగరము చెంతనున్న కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేర పదివేల యిండ్లను సాధించుకొనిరి. 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ వానిని వారికప్పగించెను. అద్దెగదిలో పుట్టి పెరిగిన స్త్రీ తన యింటికి తాను తాళము వేసికొన్ననాడు, ప్రయత్నమునకు ఫలితము కలదని ఆమె కెవ్వరును బోధింపనక్కఱలేదు.

కనుక ఈ పేటకు సంతోషమును బోధింపవచ్చు పండితులు, మొదట వేయి బీడీలకు ముట్టు కూలి యెంతయో, మీటరు బట్టకు నేతగానికి దక్కునదెంతయో అడిగి వ్రాసికొని, ఆ కాగితమును చేతబట్టుకొనియే ప్రసంగమును ప్రారంభింతురుగాక.