మధ్యన కూర్చునే మనిషికీ చదువు కావాలి

"ఆలుమగల తగవు అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే" అంటారు పెద్దలు. నిజమే. కూరలో ఉప్పెక్కువైందనో, పండక్కి పుట్టింటికి పంపలేదనో వచ్చే అలకలు అంతే. కానీ ఆ గింజ జారకుండా ఏళ్లతరబడి అద్దానికే అతుక్కుపోతే? అప్పుడు ఏ మేనమామనో, ఊళ్లో పెద్దమనిషినో పిలిచి మధ్యన కూర్చోబెడతాం. ఆయన ఇద్దరి మాటా విని, చివరికి అమ్మాయివైపు తిరిగి "సర్దుకుపోవాలి తల్లీ" అంటాడు. కాఫీలు తాగి అందరూ లేస్తారు.

పన్ను పీకించుకోవాలంటే డాక్టరు ఏం చదివాడో కనుక్కుంటాం. కాపురం సంగతి చెప్పుకునేటప్పుడు మాత్రం ఎదుటి మనిషి ఏం చదివారని ఎందుకు అడగం?

అమెరికాలో ఈ ప్రశ్న అడిగి, భార్యాభర్తలకు కౌన్సెలింగ్ చేసేవారికి లైసెన్సు ఉండాలని మొదట చట్టం చేసిన రాష్ట్రం కాలిఫోర్నియా. అది 1963లో. ఇప్పుడక్కడ ఆ లైసెన్సు కావాలంటే డిగ్రీ మీద మాస్టర్స్ చదవాలి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మొత్తం 3,000 గంటలు పనిచేయాలి. ఆపైన రెండు పరీక్షలు. అందులో ఒకటి కేవలం చట్టం, వృత్తి నియమాల మీదే.

ఇంతకీ ఏం నేర్పుతారు? కథలు రాసుకునేదాన్ని కనుక నన్ను బాగా ఆకట్టుకున్నది 'జీనోగ్రామ్'. మర్రే బోవెన్ అనే మానసిక వైద్యుడి ఆలోచనల్లోంచి వచ్చిన వంశవృక్షంలాంటి పటం అది. మూడు తరాలవాళ్లనూ అందులో గీస్తారు. ఎవరికి ఎవరు ఏమవుతారన్నదే కాదు, ఎవరికెవరితో మాటల్లేవో, ఎవరు తాగేవారో, ఎవరు ఇల్లొదిలి వెళ్లారో కూడా గుర్తులు పెడతారు. నాయనమ్మ దిగమింగిన దుఃఖం మనవరాలి కాపురం దాకా ఎలా వచ్చిందో ఆ కాగితం మీద కనబడుతుంది.

విద్యార్థి ఒక కుటుంబంతో మాట్లాడుతుంటే, వాళ్ల అనుమతితోనే, గురువులు ఒకవైపు నుంచే కనబడే అద్దం వెనక కూర్చుని గమనించే పద్ధతి కూడా ఉంది. ఎక్కడ ఒకరి పక్షం వహించారో, ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చారో చెప్పి దిద్దుతారు. ఇంట్లో దెబ్బలున్నాయేమోనని ఇద్దరినీ విడివిడిగా అడగడమూ పాఠమే. భర్త పక్కనుండగా ఏ ఇల్లాలు నోరు విప్పుతుంది?

"అమెరికాలో విడాకులు లేవా ఏం?" అన్నారు మా అత్తగారు. ఉన్నాయి. విడాకులు ఆపడమే ఈ చదువు పని కాదు. ఇద్దరూ భయం లేకుండా మాట్లాడుకునే చోటు ఇవ్వడం దాని పని.

మన దగ్గరా దారి లేకపోలేదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలో కౌన్సెలర్లకు చోటుంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో కుటుంబాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. అయినా వివాహ కౌన్సెలర్‌కంటూ విడిగా లైసెన్సు లేదు. బోర్డు ఎవరైనా కట్టుకోవచ్చు. మా బంధువులమ్మాయి అలాంటి ఒకచోట కన్నీళ్లతో చెప్పుకున్న మాటలు సాయంత్రానికల్లా ఆమె అత్తవారింటికి చేరిపోయాయి. ఆ తర్వాత ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పడం మానేసింది.

మరో సంగతి చాలామందికి తెలియదు. 2005 గృహహింస చట్టం కింద 2006లో నిబంధనలు వచ్చాయి. ఆ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు పంపే కౌన్సెలింగ్‌లో, అందరూ రాసిచ్చి ఒప్పుకుంటే తప్ప, ఏ పక్షం బంధువూ కౌన్సెలరుగా ఉండకూడదు. "ఎందుకు కొట్టానంటే..." అని ఆ భర్త సమర్థించుకోవడానికీ వీల్లేదు. మన పెద్దమనుషుల పంచాయితీ మొదలయ్యేదే ఆ మాటతో కదా!

సైకాలజీ, సోషల్ వర్క్ చదివే మన పిల్లలకు ఈ శిక్షణ తెలుగులో, మన ఉమ్మడి కాపురాలు, కట్నాల గొడవలు, ఆడపడుచుల అలకలు అన్నీ కలిపి నేర్పాలి. అందాకా మనం చేయగలిగింది ఒకటుంది. కౌన్సెలింగ్‌కి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఏం చదివారు? ఎవరి దగ్గర శిక్షణ పొందారు? నా మాట ఈ గది దాటి వెళుతుందా?

సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేద్దాం. అక్కడ మాత్రం సర్దుకుపోనక్కర్లేదు.