భూమి ధర కాదు, నీటి జాడ చూడుడు

ఉద్యోగవిరమణానంతరము పల్లెపట్టున స్థిరపడదలచిన సోదరులారా! మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు మిమ్ము ఆకర్షించుట సహజము. గుంటూరు నుండి రైలు కలదు. నగరముతో పోల్చినచో ఇల్లు, పొలము చౌక. అయితే ఆ చౌకకు కారణమేమో విచారించితిరా? ఇది మెట్టసీమ. కంభం వంటి పెద్ద చెరువు అన్ని ఊళ్లకు లేదు. పెక్కు గ్రామములకు బోరే దిక్కు.

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు పేరు విని ఎకరానికి ధర కట్టవద్దు. చేనికి పారిన నీటినే లెక్కింపుడు. కార్తికమున పచ్చనైన చేను వైశాఖమున బీడుగా కనిపించవచ్చును. కనుక మే నెలలో పోయి చూడుడు. బోరు లోతెంతో, ఎండలలో ఎన్ని గంటలు పోయునో ఇరుగుపొరుగు రైతుల నడుగుడు.

త్రాగునీటిని పరీక్ష చేయింపక బయానా ఇయ్యవద్దు. ఇచ్చట పలుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు ఎముకలకు, కీళ్లకు చేటు. కాచినను ఆ దోషము పోదు.

గ్రాట్యుటీ సొమ్ము బోరుపై బోరు వేసి పోగొట్టుకొనవద్దు. మీ లోతు బోరు పొరుగు రైతు బావిని ఎండింపవచ్చును. పొలమునకు మారుగా పెరడుగల ఇల్లు కొని, వాననీటిని తొట్టిలో పట్టుట మేలని నా అభిప్రాయము. 100 చదరపు మీటర్ల కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1,000 లీటర్లు పడును.

విశ్రాంతికై వచ్చి, బిందెతో ట్యాంకరు కొరకు నిలుచుట విశ్రాంతి కాదు సుమా!