సాలెపురుగు చేయని తప్పు

మొన్న రాత్రి మంచినీళ్ళ కోసం వంటింట్లో లైటు వేస్తే గోడ మీద అరచెయ్యంత సాలెపురుగు. మా అమ్మాయి కెవ్వుమంది. ఆయన చెప్పు పట్టుకొచ్చారు. నేనే వద్దన్నాను.

ఈ పెద్ద సాలెపురుగు గూడు అల్లదు. రాత్రిళ్ళు తిరుగుతూ బొద్దింకల్ని పట్టి తింటుంది. "విషం ఉంటుందిగా?" అన్నారాయన. ఉంటుంది. దాదాపు అన్ని సాలెపురుగులకీ ఉంటుంది, కానీ అది పురుగుల్ని పడెయ్యడానికి. మన చెయ్యి కింద నలిగితే కరవొచ్చు, నొప్పీ వాపూ రావచ్చు, అంతే. మన రాష్ట్రంలో గట్టి విషమున్నవాటిలో ఒకటి గుత్తి పేరు పెట్టుకున్న నీలం సాలీడు. అదేమో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో ఉంటుంది, మన వంటిళ్ళలో కాదు.

ఒకప్పుడు నేనూ వణికేదాన్నే. మూడేళ్ళ కిందట మా అత్తయ్యకి నడుముకి ఒక పక్కనే మంట మొదలై, నీటి పొక్కులు వరసగా లేచాయి. చూసినవాళ్ళంతా "నిద్రలో సాలెపురుగు పాకింది" అన్నారు. నేనూ నమ్మాను. పరుపులు దులిపాను, మూలమూలలా బూజు కొట్టాను, పొక్కుల మీద జాజు రాశాను. ఐదో రోజు డాక్టరు చూసి, "ఇది సర్పి అమ్మా, సాలెపురుగుకీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల్లో దాక్కుని, పెద్దవయసులో మళ్ళీ లేస్తుందట. పొక్కులు కనపడ్డ మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందట.

పొక్కులు మానాయి గానీ మంట ఆరు నెలలు పోలేదు. నడుముకి చీర తగిలినా అత్తయ్య విలవిల్లాడేది. ఏ పాపం తెలియని పురుగు మీద నింద వేసి నేను పోగొట్టిన ఆ రోజులు ఇప్పటికీ నన్ను గుచ్చుతాయి.

మనం భయపడాల్సింది వేరే ఉంది. మా వినుకొండలో ఇంటి వెనకే కొండ. రాళ్ళ సందుల్లో, కట్టెల కింద తేళ్ళు. ఎర్రతేలు కుడితే పసిపిల్లలకి ప్రాణాపాయం. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే మంత్రం వేయించుకుంటూ కూర్చోకూడదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ బీపీకి వాడే ప్రజోసిన్ మాత్రతో అలాంటివాళ్ళని ఎందరినో బతికించారు. ఆ మందు ఆస్పత్రిలోనే దొరుకుతుంది, తాయెత్తులో కాదు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు రెండే నియమాలు. చెప్పులు దులిపి వేసుకోవాలి. ఒంటి మీద ఒక పక్కనే పొక్కులు లేస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సాలెపురుగు మాత్రం గ్యాస్ బండ వెనకాలే ఉంది. ఉండనీ అనుకున్నాను.