కౌంటరు వెనుక అమ్మాయి భద్రత ఎవరి పూచీ?

రెండు నెలల క్రితం ఒక అమ్మాయి మా కార్యాలయానికి వచ్చింది. కంటి కింద మూడు కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఒక నగరంలో ఆటవస్తువుల దుకాణంలో, విల్లులు, బాణాలు అమ్మే విభాగంలో పనిచేస్తోంది. ఊరి పేరు, దుకాణం పేరు ఇక్కడ అనవసరం. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన తరువాత, పిల్లల్ని వెంటబెట్టుకుని విల్లు కొనడానికి వచ్చే తల్లిదండ్రులు పెరిగారని ఆ అమ్మాయే చెప్పింది. ఆ పతకాలు చూసి మనమందరం గర్వపడ్డాం. అదే విల్లును అల్మరాలోంచి తీసి కొనేవారి చేతికి అందించే అమ్మాయి గురించి మాత్రం ఎవరం ఆలోచించలేదు.

జరిగింది ఇది. ఒక యువకుడు వచ్చి కాంపౌండ్ విల్లు చూపించమన్నాడు. ఆమె చేతికిచ్చింది. "బాణం లేకుండా లాగి వదలకండి సార్" అని ఆమె అనేలోపే అతను నారి లాగి వదిలేశాడు. బాణం ఉంటే, లాగినప్పుడు వింటిలో చేరిన బలంలో ఎక్కువ భాగం బాణంతో పాటు వెళ్లిపోతుంది. బాణం లేకపోతే అదంతా తిరిగి వింటి మీదే పడుతుంది. వింటి బద్ద చీలి, ముక్క ఎగిరి ఆమె చెంపకు గుచ్చుకుంది. మరో అర అంగుళం పైన తగిలితే కన్ను పోయేది.

యజమాని ఆస్పత్రికి తీసుకువెళ్లి కుట్లు వేయించాడు. కాని నెలాఖరున ఆమె జీతంలోంచి విరిగిన వింటి ఖరీదు కింద మొదటి వాయిదా కోసుకున్నాడు. "నువ్వు ముందే ఆపాల్సింది" అన్నాడు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె మరొకరిని సరిగ్గా అలాగే ఆపింది. ఆ మనిషి అలిగి వెళ్లిపోతే "మంచి బేరం చెడగొట్టావు" అని అందరి ముందూ తిట్టింది ఈ యజమానే. ఆపితే బేరం పోగొట్టిన దోషం, ఆపకపోతే సరుకు పోగొట్టిన దోషం. లాభం దుకాణానిది, నష్టం మాత్రం ఆమెది!

ఈ పనిలో ప్రమాదాలు ఎక్కడినుంచో ఊడిపడేవి కావు. విలువిద్య తెలిసిన వారందరికీ అవి తెలుసు. పగిలిన కార్బన్ బాణాన్ని సంధిస్తే అది వదిలిన క్షణంలో చీలి చేతిలో దిగబడుతుంది. అందుకే ప్రతి బాణాన్నీ మెల్లగా వంచి, పగులు ఉందేమో కళ్లతో, చెవులతో పరీక్షించాలి. వింటికి నారి ఎక్కించేటప్పుడు తగిన సాధనం వాడకుండా కాలితో తొక్కిపట్టి వంచితే, జారిన బద్ద మొహానికి తగులుతుంది. కాంపౌండ్ విల్లు నారి మార్చడానికి ప్రత్యేకమైన ప్రెస్సు కావాలి. వేలాడే చున్నీ, పైటకొంగు, పెద్ద జుంకాలు, విరబోసిన జుట్టు నారికి చిక్కుకుంటాయి. అయినా ఈ అమ్మాయికి దుకాణం ఇచ్చిన యూనిఫారం చీర! అందంగా కనబడాలన్న నియమం ఉంది గాని, క్షేమంగా ఉండాలన్న నియమం లేదు.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అమ్మకం బల్ల దగ్గర ఎవరూ నారికి బాణం సంధించకూడదు. లాగి చూడాలంటే ఒక మూల, వెనుక గోడ, బాణాన్ని ఆపే మందపాటి వల ఉన్న చోటే చూడాలి. వింటికి ముందు ఎవరూ నిలబడకూడదు. మొదటిసారి వచ్చినవారికి తేలికపాటి విల్లే ఇవ్వాలి. ఈ నియమాలు యజమాని సంతకంతో గోడ మీద ఉండాలి. అప్పుడు "వద్దు" అన్న మాట ఆ అమ్మాయి పొగరు అనిపించుకోదు. అది దుకాణం మాట అవుతుంది.

ఆమె చెప్పిన రెండో విషయం వింటి గురించి కాదు. "బాణాన్ని కనిపెట్టుకుని ఉండటం సులువేనక్కా, కొందరు మగవాళ్లని కనిపెట్టుకుని ఉండటమే కష్టం" అంది. ఎలా పట్టుకోవాలో చూపించమంటారు. పక్కన నిలబడి భుజం, మోచెయ్యి సరిచేయక తప్పదు. ఆ దగ్గరితనాన్ని అవకాశంగా తీసుకునేవాళ్లు ఉన్నారు. యజమానికి చెబితే "కస్టమరు కదా, సర్దుకుపో" అన్నాడట.

సర్దుకుపోవలసిన అవసరం లేదు. రాజస్థాన్‌లో ప్రభుత్వ పథకంలో సాథిన్‌గా పనిచేస్తూ బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి ఉదంతం వెనుక ఉండగా, 1997లో విశాఖ తీర్పు వచ్చింది. బయటివారు వేధించినా యజమాని ఆ స్త్రీకి అండగా నిలవాలని అందులోనే ఉంది. 2013 నాటి చట్టం 19వ సెక్షను మరింత స్పష్టంగా, పనిచోటికి వచ్చే వ్యక్తుల నుంచి కూడా భద్రత కల్పించడం యజమాని విధి అంటుంది. కొనడానికి వచ్చినవాడు ఆ వ్యక్తుల్లో ఒకడు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువ మంది ఉంటే, లేదా వేధించింది యజమానే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. రాయడం రాకపోతే రాయడానికి సాయం చేయవలసిన బాధ్యత కమిటీదే.

జీతంలో కోత సంగతి కూడా తెలుసుకుందాం. సరుకు నష్టానికి జీతం కోయాలంటే, ఆ నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. ముందుగా ఆమె సంజాయిషీ వినాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ రక్షణ, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. కొనేవాడు విరిచిన వింటికి అమ్మే అమ్మాయి జీతం కోయడం ఏ న్యాయం? పని కారణంగా గాయపడి మూడు రోజులకు మించి పని చేయలేకపోతే పరిహారం ఇవ్వాలన్న సూత్రం కూడా కొత్తది కాదు. 1923 నాటి చట్టం నుంచి నేటి సామాజిక భద్రతా కోడ్ దాకా అది కొనసాగుతూనే ఉంది.

అయితే చట్టం పుస్తకంలోంచి దానంతటది లేచి దుకాణంలోకి నడిచి రాదు. కేరళలో కోజికోడ్ బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు, కుట్టుపని చేసుకునే విజి చొరవతో 'పెణ్‌కూట్టు' పేరుతో సంఘటితమయ్యారు. కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. కూర్చోవడానికి ఒక కుర్చీ కోసమే అంత పోరాటం చేయవలసి వస్తే, కన్ను కాపాడుకోవడానికి ఒంటరి అమ్మాయి ఏం చేయగలదు? అందుకే ఒంటరిగా ఉండకూడదు.

ఆమె తరఫున యజమానికి మేము ఉత్తరం రాశాం. కోసిన వాయిదా తిరిగి ఇచ్చాడు. గోడ మీద నియమాల బోర్డు మాత్రం ఇంకా పెట్టలేదు. అది పెట్టే దాకా అడుగుతూనే ఉంటాం. పాఠకులకు ఒక మాట. దుకాణంలో ఒక అమ్మాయి "అలా చేయకండి" అంటే చిన్నబుచ్చుకోకండి. మరొకరు ఆమె మీద కోప్పడుతుంటే చూస్తూ ఊరుకోకండి. ఆ క్షణంలో ఆమె పక్కన నిలబడగలిగింది మీరే.