డబ్బా మారితే మందు మారినట్టు కాదు

కలుపు చావడం లేదని రైతు అడిగితే దుకాణంలో వచ్చే జవాబు ఒకటే: "ఈసారి ఇంకో మందు కొట్టు." ఈ సలహా ఎక్కడికి తీసుకుపోతుందో హర్యానా, పంజాబ్ గోధుమ రైతులు ఇప్పటికే చూశారు.

అక్కడ గోధుమలో గుల్లీదండా అనే గడ్డి పెద్ద బెడద. మొలకలో అచ్చం గోధుమలాగే ఉంటుంది కాబట్టి చేత్తో ఏరడం కష్టం. 1980లలో రైతులు ఐసోప్రోట్యురాన్ అనే ఒక్క మందునే నమ్ముకున్నారు. 1990ల తొలినాళ్లకే హర్యానాలో గడ్డి దానికి లొంగడం మానేసింది. కలుపు మరీ కమ్మేసిన చోట గోధుమను పచ్చిగానే కోసి పశువులకు వేశారు. ఆ దశాబ్దం చివర క్లోడినాఫాప్, ఫెనాక్సాప్రాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ వచ్చాయి. కొన్నేళ్లు బాగానే పనిచేశాయి. తర్వాత వాటికీ చావని గడ్డి మొలిచింది.

దీనికి కారణం కల్తీ మందు ఒక్కటే అనుకోకూడదు. చేలో లక్షల కలుపు మొక్కల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే మందును తట్టుకుంటాయి. మిగతావి చచ్చాక ఆ రెండే విత్తనం రాలుస్తాయి. ఏటా అదే మందు కొడితే చేనంతా వాటి సంతతే. కొన్ని మొక్కల్లో మందు పనిచేసే చోటే మారిపోతుంది. మరికొన్ని మందును ఒంట్లోనే విరిచి అరిగించుకుంటాయి. ఈ రెండో రకం మరీ ప్రమాదం. అరిగించుకునే శక్తి వచ్చిన గడ్డి, అంతకుముందు ఎన్నడూ కొట్టని మందును కూడా తట్టుకోగలదు.

ఇక మన వరి సంగతి. బిస్‌పైరిబాక్ సోడియం, పెనాక్సులామ్, పైరజోసల్ఫ్యూరాన్: పేర్లు మూడు, ధరలు మూడు. మూడూ మొక్కలో అడ్డుకునేది ఒకే ఎంజైమును. ఒకదాని తర్వాత ఒకటి కొట్టి మందు మార్చామనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఊద గడ్డి ఇప్పటికే పలు దేశాల వరి చేలల్లో ఈ తరగతి మందులకు లొంగడం లేదు.

పత్తిలో బీజీ-3 పేరుతో అనుమతి లేని విత్తనం దొంగచాటుగా అమ్ముతున్నారు. గ్లైఫోసేట్ కొడితే కలుపంతా పోతుందని ఆశ పెడుతున్నారు. అమెరికాలో ఇలాంటి పత్తి 1997లో మొదలైంది. పదేళ్లు నిండకుండానే జార్జియా రాష్ట్రంలో మన తోటకూర జాతికి చెందిన కలుపు గ్లైఫోసేట్‌ను తట్టుకుంది. ఒక్కో మొక్క లక్షల్లో విత్తనాలు రాలుస్తుంది. చివరికి అక్కడి రైతులు కూడా కూలీలను పెట్టి పీకించాల్సి వచ్చింది.

రైతును తప్పుపట్టి లాభం లేదు. కలుపు కూలి పెరిగింది, పంట ధర పెరగలేదు, అదునుకు మనిషి దొరకడు. మందు కొట్టక ఏం చేస్తాడు? అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. డబ్బా మీద బ్రాండు కాదు, రసాయనం పేరు చదవాలి. అది ఏ తరగతిదో అడిగి, తరగతి మార్చాలి. చెప్పిన మోతాదు తగ్గించకూడదు. మందుకు మిగిలిన మొక్కను గింజ పట్టకముందే పీకేయాలి. గుంటక, వీడర్ మూలన పెట్టకూడదు. పంట మార్చాలి. హర్యానాలో వరి, గోధుమ తప్ప మరోటి వేయని చేలల్లోనే గుల్లీదండా ఎక్కువగా మొండికేసింది. చెరకు, బర్సీమ్ మేత వేసిన చోట తగ్గింది.

మిగతాది ప్రభుత్వం చేయాలి. కలుపు మందు ఏ తరగతిదో డబ్బా మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించాలి. మందుకు చావని కలుపు విత్తనాన్ని జిల్లాలోనే ఉచితంగా పరీక్షించాలి. వీడర్లు చిన్న రైతుకు, కౌలు రైతుకు సబ్సిడీపై అందాలి. కలుపు తీతకు ఉపాధి హామీ కూలీలను ఇవ్వాలి. మందు పనిచేయకపోతే నష్టం రైతుది, అమ్మకం లాభం కంపెనీది అనే పద్ధతి ఇక సాగనివ్వకూడదు. ఈ డిమాండ్లను ప్రతి మండల మహాసభలో చర్చించి తీర్మానం చేయాలి.