ఏరు కూడా అమానతే

పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధను మనము కుళాయి వద్దనే ఆపివేయరాదు. విద్యుత్తు అవసరమే, అయితే చిన్న జలవిద్యుత్ కేంద్రం వల్ల ఏ హానీ లేదని తలుస్తాము. ఏటి నీటిని గొట్టాలలోకి మళ్ళిస్తే, అది తిరిగి కలిసేంతవరకు నడిమి ఏరు చిక్కిపోతుంది; చేపల దారి మూసుకుపోతుంది.

బోస్నియాలోని క్రుష్చిత్సా గ్రామ స్త్రీలు ఈ ముప్పును ముందే గ్రహించారు. తమ తాగునీటి ఏటిపై అలాంటి రెండు కేంద్రాలు రాకుండా 2017 ఆగస్టు నుండి 500 రోజులకు పైగా వంతెనపై రేయింబవళ్ళు కాపు కాశారు. పోలీసుల దెబ్బలు తిన్నా వెనుదీయలేదు. 2018 డిసెంబరులో అనుమతులు రద్దయ్యాయి.

మన దేశంలో 25 మెగావాట్లలోపు జలవిద్యుత్ కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదు. చట్టం అడగకున్నా, ఏటి లెక్కను అల్లాహ్ మనలను అడుగుతాడు.